గోడ అడుగున ఒక తూము

మా పెరటిలోని చేమమడి ఎప్పుడు వెలసిందో చెప్పగలవారు ఇప్పుడెవరూ లేరు. నాకు ఊహ తెలిసేనాటికే అది ఉన్నది. కోనసీమలోని మా ఊరిలో ఇంటి వెనుక గిలక బావి, బావి చుట్టూ రాతి చప్టా, చప్టానుండి పల్లానికి సాగే సన్నని మట్టికాలువ, ఆ కాలువ చివర నేల కనిపించనంత దట్టంగా పెరిగిన చేమ ఆకులు. స్నానాలకు, అంట్లకు, బియ్యం కడగడానికి వాడిన నీరంతా అక్కడికే చేరేది. మా అమ్మ ఆ మొక్కలకని ప్రత్యేకంగా ఒక చెంబెడు నీళ్ళు పోయగా నేను చూడలేదు. “మనం వాడి వదిలిన నీళ్ళే వాటికి చాలు. ఆ నీళ్ళకు మనం అడ్డు రాకపోతే అదే పదివేలు” అనేది. ఆ మాట నాకు బోధపడడానికి అరవై ఏళ్ళు పట్టింది.

చేమ తెలియని ప్రాంతం మన దేశంలో అరుదు. హిందీవారికి అది అర్వీ, మలయాళీలకు చేంబు, కన్నడిగులకు కెసువు, బెంగాలీలకు కొచు. గుజరాతీలు ఆ ఆకుకు శనగపిండి పూసి, చుట్టలు చుట్టి, ఆవిరిపై ఉడికించి పాత్రా చేసుకొంటారు. మన సాహిత్యంలోనూ దానికొక స్థానమున్నది. పదిహేడవ శతాబ్దంలో తంజావూరు రఘునాథనాయకుని ఆస్థానంలో ఉండి ‘విజయవిలాసము’ రచించిన వేంకటకవి ఇంటిపేరు చేమకూర! ఇంత పేరున్నా చేమను ఎవరూ ముందువాకిట పెంచరు. దాని చోటు పెరడే.

అయితే ఆ ఆకు అందం తక్కువది కాదు. మూరెడు పొడవు, బాణపు ములికివంటి ఆకారం, వెల్వెట్టువంటి ఆకుపచ్చదనం. కాడ ఆకు అంచుకు కాక, కాస్త లోపలి భాగానికి అతుక్కొని ఉంటుంది. అందుచేత ప్రతి ఆకూ ఎవరో పట్టుకొన్న గొడుగులా ముందుకు వాలి కనిపిస్తుంది. చిన్నతనంలో అన్నయ్యా నేనూ ఆ ఆకుమీద నీటిబొట్టు వేసి, అది పాదరసంలా దొర్లుతుంటే ఎవరి బొట్టు ముందు జారిపడుతుందోనని పందేలు వేసుకొనేవాళ్ళం. తామరాకు మీది నీటిబొట్టును గురించి వేదాంతులు చెప్పగా విన్నాము. చేమాకూ ఆ కోవకు చెందినదే. ఆకు పైభాగంలో కంటికి కానరాని మైనపు నూగు ఉండి నీటిని అంటనీయదనీ, దొర్లిపోయే బొట్టు తనతోపాటు దుమ్మునుకూడా తీసుకొనిపోతుందనీ జర్మన్ శాస్త్రజ్ఞులు బార్ట్‌లాట్, నైన్‌హుయిస్ 1997లో విశదీకరించారు.

దానికి కోపమూ ఉన్నది. పచ్చి ఆకులోనూ, కాడలోనూ, దుంపలోనూ కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదులవలె ఉంటాయి. అవి గుచ్చుకొనడమే చేమ దురదకు ముఖ్య కారణం. అమ్మ చేతులకు నూనె రాసుకొనిగాని దుంపల తొక్క తీసేది కాదు. చింతపండు పులుసులో బాగా ఉడికిస్తేగాని ఆకును విస్తట్లోకి రానిచ్చేది కాదు. చేమను పోలిన ఆకుమొక్కలు గట్లవెంట మరికొన్ని ఉన్నాయి. వాటిలో విషపూరితమైనవీ ఉన్నాయి. “మన మడిలోది తప్ప మరొకటి కోయకండి” అన్న ఆమె హెచ్చరికను నేటికీ మా ఇంట పాటిస్తాము.

అమ్మ 2011 మార్గశిరంలో కన్నుమూసింది. అంతకు ఒక ఏడాది ముందే నేను ఉద్యోగ విరమణచేసి ఊరు చేరాను. అన్నయ్య ఎప్పుడూ ఊరు విడిచినవాడు కాదు. అమ్మ ఆఖరి రోజుల వైద్యానికి ఎవరెంత ఖర్చుపెట్టారన్న లెక్కతో మా మధ్య మాట తేడా వచ్చింది. ఆ లెక్క ఇంటి లెక్క అయింది, ఇంటి లెక్క వాటాలైంది. 2013 వేసవిలో పెరటి నడుమ గోడ లేచింది. బావి, చప్టా అన్నయ్య వాటాకు పోయాయి. పల్లపు నేల, దానితోపాటు చేమమడి నా వాటాకు వచ్చాయి.

గోడకు పునాది తీసి కాలువ దగ్గరికి వచ్చినప్పుడు తాపీమేస్త్రి పని ఆపి, “అయ్యా, నీళ్ళకు తూము వదలమంటారా?” అని అడిగాడు. అన్నయ్య ఆ వైపు, నేను ఈ వైపు నిలబడి ఉన్నాము. వదలమని అతడు అంటే నీళ్ళు ఇస్తున్నట్లు, నేను అంటే అడుక్కొన్నట్లు. ఇద్దరమూ వినిపించుకోనట్లు ఊరుకొన్నాము. మేస్త్రి కాసేపు చూచి, ఆ జాగాలోకూడా ఇటుక పేర్చేశాడు.

ఆ ఏటి వానలకు మడిలో తేడా తెలియలేదు. సంక్రాంతి వెళ్ళిన తరువాత ఆకులు వడలడం మొదలుపెట్టాయి. నా వంటిల్లు వీధివైపున ఉండడంవలన అక్కడి నీరు వీధికాలువకు పోయేది. కుళాయికి గొట్టం తగిలించి సాయంత్రంపూట మడి తడిపాను. తెల్లవారేసరికి పైమట్టి పొడిబారేది, ఏప్రిల్‌లో నెర్రెలిచ్చేది. కొత్త ఆకులు అరచేయంతకు మించి ఎదగక, అంచులు మాడి ముడుచుకొనేవి. బకెట్లతో మోశాను, ఎండుగడ్డి పరిచాను. మూడవ ఏటికి మిగిలినవి పదీ పదిహేను మొక్కలు, వాటి అడుగున దుంపలు గోళీకాయలంత.

పట్టుదలతో ఆ మొక్కను గురించి దొరికినదంతా చదివాను. దుంపపంటల పరిశోధనకు తిరువనంతపురంలోని శ్రీకార్యంలో 1963లో స్థాపించిన కేంద్ర సంస్థ ఉన్నదనీ, అక్కడివారు చేమపైన ఎంతో కృషి చేశారనీ తెలిసింది. విత్తనానికి 25 నుండి 35 గ్రాముల పిల్లదుంపలు చాలుననీ, వాటిని 60 సెంటీమీటర్ల ఎడంగల వరుసలలో, వరుసలో 45 సెంటీమీటర్లకొకటి చొప్పున నాటవలెననీ నేర్చుకొన్నాను. చేమ కాడను అడ్డంగా కోస్తే లోపల స్పంజివలె గాలి గదులు కనిపిస్తాయి. వాటిగుండా గాలి వేళ్ళవరకు చేరుతుంది. ఇతర మొక్కల వేళ్ళు కుళ్ళిపోయే బురదలో చేమ సుఖంగా బ్రతకడానికి అదొక కారణం. దానికి కావలసినది అప్పుడప్పుడు పోసే నీరు కాదు, ఎప్పుడూ ఆరని తడి. రోజంతా ఒక ఇంటి కాపురం సాగుతూ, కొద్దికొద్దిగా జారవిడిచే నీరు. అది గోడకు అవతల ఉన్నది. అడగడానికి నాకు నోరు రాలేదు.

వాటాలు పంచుకొన్న అన్నదమ్ములు తల్లిదండ్రుల తద్దినాలు వేరువేరుగా పెట్టుకోవడం మా ఇళ్ళలో ఆచారం. ఆ వంటలో కంద, అరటికాయలతోపాటు చేమ తప్పనిసరి. 2014లో అమ్మ ఆబ్దికానికి చేమదుంపలు బజారునుండి కొనితెచ్చాను. జీవితమంతా ఆ మడి పెంచిన మనిషికి కొన్న దుంపలు వడ్డించడం నాకు ముల్లులా గుచ్చుకొన్నది. మరుసటి ఏడు ఆబ్దికానికి రెండు రోజుల ముందు అన్నయ్య మనవరాలు ఒక బుట్ట తెచ్చి మా అరుగుమీద పెట్టింది. నిండా చేమదుంపలు, వాటిపైన నాలుగు లేత ఆకులు.

“నాయనమ్మ ఇచ్చి రమ్మంది. అత్తగారి చేమట” అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం రెండేళ్ళ తరువాత అన్నయ్య గడప తొక్కాను. వదిన మారుమాటలేకుండా పెరటిలోకి దారి చూపింది. దారిలేని నీరు గోడ మొదట మడుగు కట్టింది. పునాది త్రవ్వినప్పుడు తెగి ఆ వైపున మిగిలిపోయిన దుంపలు ఆ మడుగులో మొలిచి, నిలువెత్తు పెరిగాయి. “ఏపుగానే ఉన్నదిగాని ఈ దోమలతో పడలేకపోతున్నాము. మీ అన్నయ్య ఆ నీళ్ళు ఎత్తిపోయలేక నడుము పట్టేసుకొన్నారు” అన్నది వదిన. నా వైపు నీళ్ళులేక మడి ఎండుతున్నది. అతని వైపు అవే నీళ్ళు పోయే దారిలేక కుళ్ళుతున్నాయి. మా ఇద్దరి మౌనానికి చెల్లించిన మూల్యం అది.

అన్నయ్య కుర్చీలోనుండి లేవలేదు. “నీ వైపు ఎలా ఉన్నదిరా?” అన్నాడు.

“ఎండిపోయింది” అన్నాను.

ఆ తరువాత చాలాసేపు ఇద్దరమూ ఏమీ అనలేదు. మరునాడు తెల్లవారుజామున గోడ అవతల గునపం చప్పుడు వినిపించింది. నేనూ గునపం తీసుకొని నా వైపునుండి మొదలుపెట్టాను. అరగంటకు రెండు ఇటుకలు ఊడివచ్చాయి. ఆ సందులోనుండి ముందు నల్లని బురద, తరువాత నీరు వచ్చాయి. అన్నయ్య చేయికూడా కనిపించింది. సబ్బునీరు మొక్కలకు మంచిది కాదని వదిన బట్టల నీటిని వేరే కాలువకు మళ్ళించి, తక్కినదంతా తూముకు వదిలింది.

మడి చచ్చిపోలేదు. చేమలో పైన కనిపించేదంతా ఒక్క ఋతువు వైభవం. ప్రాణం దుంపలో దాగి ఉంటుంది. తడి తగిలిన కొద్ది వారాలకు చుట్టగా చుట్టుకొన్న లేత ఆకులు మట్టి చీల్చుకొని వచ్చాయి. వేసవి చివర అన్నయ్య వైపు పిల్లదుంపలనుకూడా తెచ్చి, పశువుల ఎరువు వేసి, నాలుగు వేళ్ళ లోతున నాటాను. వానాకాలంలో ఆకులపైన గుండ్రని గోధుమరంగు మచ్చలు పడినప్పుడు, “మచ్చ పడ్డ ఆకు ఒక్క పూటకూడా ఉంచకురా, తీసి తగులబెట్టు” అని గోడ అవతలనుండి కేక వేసినవాడు అన్నయ్యే. అది ఆకుమాడు తెగులు. 1993లో పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులలో చేమ పంటను సర్వనాశనం చేసినది అదేనని నేను చదివి ఉన్నాను. అన్నయ్య ఏమీ చదవలేదు. అమ్మ పక్కన ఉండి నేర్చుకొన్నాడు.

సమోవా మాట వచ్చింది కనుక ఆ సముద్రంలోనే ఉన్న హవాయి దీవులవారి పురాణగాథ ఒకటి చెప్పాలి. ఆది దంపతులకు తొలిచూలు బిడ్డ మృతశిశువుగా పుట్టాడట. ఆ శిశువును పాతిపెట్టిన చోట మొలిచినదే మొదటి చేమ మొక్క. తరువాత పుట్టిన రెండవ బిడ్డ హవాయి ప్రజలకు మూలపురుషుడు. అందుచేత వారికి చేమ అన్నగారు. తమ్ముడు అన్నను కనిపెట్టుకొని ఉండాలి, అన్న తమ్ముని కడుపు నింపాలి. తల్లిదుంప చుట్టూ పుట్టే పిలకను వారు ‘ఓహా’ అంటారు. కుటుంబం అనే అర్థంగల వారి ‘ఓహానా’ శబ్దం దానినుండే వచ్చిందని చెబుతారు. ఇది చదివిన రోజున పుస్తకం మూసి, గోడదాకా వెళ్ళి అన్నయ్యకు వినిపించాను. “అయితే ఆకులు కోసేటప్పుడు కాస్త మర్యాదగా కొయ్యి” అని నవ్వాడు.

అన్నయ్య 2022 వేసవిలో వెళ్ళిపోయాడు. రెండు ఇటుకలంత ఆ సందు మాకు ఆరున్నర సంవత్సరాలు ఇచ్చింది. అంతకు ముందు పోగొట్టుకొన్న రెండేళ్ళను ఏ దుంపనుండీ మొలిపించలేకపోయాను. గోడ ఇప్పటికీ ఉన్నది. వాటాలు వాటాలే. నీరు మాత్రం పోతూనే ఉన్నది.

తెల్లవారుజామున, ఎండ పొడ రాకముందు నేను మడి దగ్గరకు వెళుతుంటాను. ఆ వేళ ప్రతి ఆకు కొననుండీ ఒక్కొక్క చుక్క రాలుతూ ఉంటుంది. అది మంచు కాదు. రాత్రంతా వేళ్ళు త్రాగిన నీటిలో అధికమైనదానిని మొక్క ఆకుకొనగుండా తిరిగి వదులుతుంది. శాస్త్రంలో దానిని బిందుస్రావం అంటారు. తనకు చాలినంత ఉంచుకొని, మిగిలినది ఎవరూ అడగకుండానే విడిచిపెట్టడం ఆ మొక్కకు పుట్టుకతో వచ్చిన విద్య. అవతల చప్టామీద వదిన బిందె దించిన చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి తూములోనుండి నీరు వస్తుంది.