తేలికైతే చాలా?

గమ్‌బూట్లు వేసుకుని పరుగు పందేనికి ఎవరైనా దిగుతారా? కారు చక్రం సంగతీ అంతే!

1924లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిగిన గ్రాండ్‌ప్రికి ఎటోరె బుగాటి కొత్త టైప్‌ 35 కార్లను దించాడు. వాటికి తీగచువ్వల చక్రాల్లేవు. పోతపోసిన తేలికపాటి అల్యూమినియం చక్రాలున్నాయి.

దానివల్ల లాభమేంటంటే... కారులోని బరువు ముందుకు కదిలితే చాలు. చక్రం బరువు ముందుకు కదలాలి, గిర్రున తిరగాలి కూడా. అందుకే చక్రం అంచున ఒక్క కిలో తగ్గితే, వేగం అందుకునేటప్పుడు కారులో దాదాపు రెండు కిలోలు తగ్గినట్టే. పైగా బరువైన చక్రం గతుకు తగిలి ఎగిరితే మళ్లీ రోడ్డును అందుకోవడం ఆలస్యం. తేలికది చటుక్కున అంటుకుంటుంది. మలుపులో పట్టు తప్పనివ్వదు.

మరి ఆరోజు బుగాటి గెలిచాడా అంటే, లేదు. టైర్లు దెబ్బతీశాయి! లోపం సరిదిద్దుకున్నాక 1925 నుంచి 1929 వరకూ వరసగా ఐదేళ్లు ఇటలీలోని 'టార్గా ఫ్లోరియో' పందెం టైప్‌ 35 కార్లదే.

అందుకే చక్రాలు మార్చాలని ముచ్చటపడే కుర్రకారు ముందు మంచి టైర్లు చూసుకోవాలి. తేలిక పేరుతో నాసిరకం చక్రం కొంటే గుంతలో పగిలేది చక్రమే... ప్రమాదం మాత్రం ఇంటిల్లిపాదికీ!