ముందు ఐసు పెట్టండి!

‘ఫొటోలు కడిగించడం’ అంటుంటాం కదా. ఆ కడగడమేమిటో నాన్నగారి పాత కెమెరా తెరవబోయినప్పుడే నాకు పట్టింది. తీసిన బ్లాక్ అండ్ వైట్ రీలొకటి అందులోనే ఉండిపోయింది. నాన్న లేరు. పిఠాపురంలో నేనడిగిన స్టూడియోలవాళ్లు ‘ఇప్పుడెవరు కడుగుతున్నారండీ’ అనేశారు. సరే, మనమే నేర్చుకుందాం అనుకున్నా. ముందు కొత్త రీలు మీదే సుమండీ!

సినిమాల్లో చూపించే ఎర్రబల్బు కాగితం మీద ప్రింటు వేసేటప్పటిది. ఫిలింకి అదీ పనికిరాదు, కటిక చీకటే. పాత ఫిలిం ముక్కొకటి తీసుకుని కళ్లు మూసుకుని చక్రానికి ఎక్కించడం వారంపాటు సాధన చేశా. ఇంట్లోవాళ్లు జపం అనుకున్నారు. చక్రం డబ్బాలో పెట్టి మూతేశాక లైటు వేసుకోవచ్చు.

చీకటికంటే ఎండతోనే అసలు పేచీ. 1927 నాటి కొడాక్ డి-76 మందుని మామూలుగా 20 డిగ్రీల దగ్గర వాడతారు. మే నెలలో మన మేడమీది ట్యాంకు నీళ్లు తెలుసుగా! మందు వేడిగా ఉంటే తొందరపడిపోతుంది. నెగటివ్ నల్లబడుతుంది, జిలటిన్ పూత మెత్తబడుతుంది. ఐసు మందులోనే వేస్తే పలచనవుతుంది. అందుకని బకెట్లో ఐసునీళ్లు పోసి సీసాని అందులో నిలబెట్టా.

హైపో అయ్యాక కడిగి, బాత్రూంలో క్లిప్పు పెట్టి వేలాడదీశా. పాదగయ కోనేటి మెట్లు నల్లగా, వాటి నీడలు తెల్లగా!

నాన్నగారి రీలు ఫ్రిజ్‌లో ఉంది. కడగకుండా ఏళ్లు గడిచేకొద్దీ బొమ్మ మసకబారుతుంది, మళ్లీ తీసుకునే వీల్లేదు. అందులో ఏముందో అమ్మకీ గుర్తులేదు. రోజూ సాయంత్రం మాత్రం అడుగుతోంది.

‘‘ఐసు పెట్టావా?’’