చేతి తొడుగులు

ఫిల్మ్ నగర్‌లో మా పిన్ని హెయిర్ డ్రెసర్. షూటింగ్ ఉన్నా లేకపోయినా ఆమె గోళ్ళ అంచులు నల్లగానే ఉంటాయి. నేనేమో లాబ్‌లో తోకచుక్కలు లెక్కపెడతాను. రక్తకణాలను జెల్‌లో పరిచి, వాటి పొరలు కరిగించి కరెంటు పెడితే, తెగిన డీఎన్ఏ బయటికి సాగి మైక్రోస్కోపు కింద తోకలా వెలుగుతుంది. దీన్నే కామెట్ పరీక్ష అంటారు. తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు పురుగుమందుల తయారీ కార్మికుల రక్తంలో ఇలాగే పొడవైన తోకలు చూసి 2003లో ప్రకటించారు.

ఆ వెలుగు కోసం మేం వాడే ఇథీడియం బ్రోమైడ్ కూడా డీఎన్ఏకి చేటు చేసేదే. గ్లవ్స్ లేకుండా ముట్టుకోనివ్వరు. పిన్ని మాత్రం ఇరవయ్యేళ్ళుగా ఉత్త చేతుల్తోనే జుట్టు రంగులు కలుపుతోంది. హెయిర్ డ్రెసర్ల పనిలో బహుశా క్యాన్సర్ ముప్పు ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1993లోనే చెప్పింది. మేకప్‌కి మారతానంటే "ఆడవాళ్ళకి జుట్టు పనే" అన్నారట. ముంబై సంఘం కేసులో సుప్రీంకోర్టు ఆ అడ్డు తీసేసింది 2014లో. అప్పటికి పిన్నికి ఓపిక పోయింది.

"నా రక్తం కూడా చూడవే" అంది మొన్న.

ఒక్కరి తోకతో ఏమీ తేలదు పిన్నీ, వయసుకీ పొగకీ కూడా తోక పెరుగుతుంది, నీలాంటివాళ్ళు పదులమంది కావాలి, ఈ పని చెయ్యనివాళ్ళూ అంతమంది కావాలి అన్నాను. ముందు గ్లవ్స్ పెట్టె ఆమె చేతిలో పెట్టాను.

పిన్ని పెట్టె పక్కన పెట్టి, తోటివాళ్ళ పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది.