పురిటి గదిపై పెట్టిన పెట్టుబడి

పందుల పెంపకమున లాభనష్టములను గణించువారు సాధారణముగా తల్లుల సంఖ్యను, దాణా ధరను, అమ్మకపు బరువును లెక్కకట్టుదురు గాని, ఆ లెక్కయంతయు కన్నులు తెరచియే పుట్టి, తడబడు కాళ్లతో తల్లి పొదుగును వెదకుకొనుచు పోవు కిలో బరువు కూనయొక్క తొలి మూడు దినములపై ఆధారపడియున్నదని గుర్తించువారు తక్కువ. నేను ఈ వృత్తిని చేపట్టునాటికి నాయొద్ద కొంత కూడబెట్టిన సొమ్మును, బ్యాంకువారు మంజూరు చేసిన ఋణమును ఉండెను. ఆ సొమ్మును ఏ వరుసలో వ్యయపరచవలెనని మా ఇంట చాలకాలము చర్చ జరిగినది. తుదకు నేను తీసికొనిన నిర్ణయములను, వానికి గల కారణములను, ఈ వృత్తిలోనికి రాదలచిన నావంటి మధ్యతరగతి రైతులకు ఉపయోగపడునను తలంపుతో ఇచట వివరించుచున్నాను.

మొదట లెక్క చెప్పెదను. పంది గర్భము మోయు కాలము 114 దినములు. మూడు నెలలు, మూడు వారములు, మూడు రోజులని పెంపకందారులు సులువుగా జ్ఞాపకముంచుకొందురు. చూడి పంది దినమునకు రెండున్నర కిలోల దాణా తినునన్నచో ఆ కాలమునకు 285 కిలోలు పట్టును; నేను కొనిన ధర కిలోకు 28 రూపాయలు గనుక, అది దాదాపు 8,000 రూపాయలు. ఈనిన తరువాత పాలిచ్చు తల్లికి మేత రెట్టింపగును. ఈ వ్యయమంతయు ముందుగనే జరిగిపోవును. రాబడి మాత్రము పిల్లలు పాలు మాని, రెండు నెలల వయసున అమ్మకమునకు వచ్చినప్పుడు గాని చేతికందదు. పిల్లకు మూడువేల చొప్పున ఎనిమిది పిల్లల ఈత 24,000 రూపాయలు. వారము తిరుగక మునుపే ఆ ఈత అంతరించినచో, పోయినది ఆ మొత్తము మాత్రమే కాదు. తల్లి మరల ఎదకు వచ్చి, దాటించి, ఈనువరకు నాలుగు నెలలపాటు రాబడి లేని మేత వేయవలసి యుండును. బ్యాంకు వాయిదా మాత్రము తన తేదీకి తాను వచ్చుచునే యుండును.

ఈ ప్రమాదము తొలి దినములలోనే అంత తీవ్రముగా నుండుటకు కారణము కూన శరీరనిర్మాణమునందే యున్నది. మానవశిశువునకు తల్లి గర్భమునందే కొంత రోగనిరోధకశక్తి మాయ ద్వారా సంక్రమించును. పంది మాయ ఆ రక్షక పదార్థములను దాటనీయదు. కావున కూన ఏ రక్షణయు లేకయే ఈ లోకమునకు వచ్చి, ముర్రుపాలు త్రాగినప్పుడే దానిని సంపాదించుకొనును. అదియును మొదటి దినముననే జరుగవలెను; సుమారు 24 గంటలు గడచిన పిదప ఆ రక్షక పదార్థములను యథాతథముగా రక్తమునకు చేర్చు శక్తిని ప్రేగు కోల్పోవును. దాని దేహమున క్రొవ్వు నిల్వ కూడ లేనంత తక్కువ. 32 మొదలు 34 డిగ్రీల వెచ్చదనము లేనిచో ముడుచుకొని పడుకొని, పాలు త్రాగుటకు లేవజాలక, ఆకలిచేతనే క్షీణించును.

రోటావైరసు గాని, సంక్రామక జఠరాంత్రశోథమును కలిగించు కరోనా జాతి వైరసు గాని అట్టి కూన ప్రేగులో ప్రవేశించినచో, పాలను జీర్ణముచేసి పీల్చుకొను ఆంత్రచూషకముల పైపొరను నాశనము చేయును. మూడు వారములు దాటిన పిల్ల ఆ పొరను రెండు మూడు దినములలో తిరిగి నిర్మించుకొనగలదు. నవజాత శిశువునకు వారము, పది దినములు పట్టును. ఆ లోపలనే దేహములోని నీరంతయు విరేచనములలో పోవును. 2013లో అమెరికాలో తొలిసారి కనిపించిన పంది అతిసార వైరసు మొదటి యేడాదిలోనే దాదాపు 70 లక్షల కూనలను పొట్టన పెట్టుకొన్నదని అక్కడివారి అంచనా. వారమునకు లోబడిన పిల్లలు ఆ వ్యాధి సోకిన మందలలో దాదాపుగా మిగిలియుండలేదు.

ఒక వర్షాకాలమున మా దొడ్డిలో ఒక గదికి అట్టి విరేచనముల వ్యాధి వచ్చినది. ముందురాత్రి వరకు పాలకై పెనగులాడిన పిల్లలు తెల్లవారుసరికి తోకలు తడిసి, పసుపుపచ్చని నీళ్ల విరేచనములతో, గడ్డకట్టిన పాలను కక్కుకొనుచు, తల్లి వీపుపైకి ఎగబ్రాకి ఒకదానిపై నొకటి పడియుండెను. ప్రక్కటెముకలమీద చర్మమును రెండు వ్రేళ్లతో పట్టి విడచిన, అది అట్లే మడతపడి నిలిచెను. ఊరిలోని మందుల దుకాణమువారు ఖరీదైన ఇంజక్షనుల జాబితా నొకదానిని వ్రాసియిచ్చిరి. పశువైద్యులు దానిని చూచి, ఆంటీబయాటిక్కులు బాక్టీరియాపై పనిచేయునే గాని వైరసుపై పనిచేయవనియు, తరువాత చేరు క్రిములకొరకు అవసరమైనంత తాను ఇచ్చెదననియు, ముందుగా గోరువెచ్చని ఉప్పు-గ్లూకోజు నీటిని కొద్దికొద్దిగా పట్టి, బల్బు వెలుగున పొడిగడ్డిపై పడుకొనబెట్టవలెననియు చెప్పిరి. ఆ రాత్రి ఖర్చు స్వల్పము, శ్రమ అధికము. చిన్నవి పోయినవి, ఆ గదిలోని మిగిలిన పిల్లలలో ఎక్కువభాగము నిలిచినవి. ప్రక్క గదులకు వ్యాధి ప్రాకలేదు. గదికి గది విడిగా గోడలు కట్టించి, ఒక ఈత వెడలిన పిమ్మట కడిగి, సున్నము కొట్టి, ఎండబెట్టి గాని మరియొక తల్లిని చేర్పకుండుట వలననే అది సాధ్యమైనదని నా విశ్వాసము.

ఆ గోడలు కట్టించిననాడు మా బావమరిది, "బావగారూ, పురిటి గదులకే ఇంత డబ్బు పోస్తారా? ఈ సొమ్ముతో ఇంకో నాలుగు తల్లులు రావా?" అని అడిగెను. అతని ప్రశ్న న్యాయమైనదే. తల్లులు పెరిగిన రాబడి పెరుగునని ఎవరికైనను తోచును. కాని నాలుగు తల్లులు పెరిగి, పుట్టిన పిల్లలను కాపాడు చోటు పెరగనిచో, పెరుగునది నష్టపడు సొమ్మే గదా! అందుచేత షెడ్డును విస్తరించుటకు కేటాయించిన మొత్తములో పెద్దభాగమును పురిటి గదులకును, క్రొత్తగా వచ్చిన పందులను దూరముగా ఉంచి పరీక్షించుటకు ఒక కొట్టమునకును వ్యయపరచితిని.

రెండవ నిర్ణయము సంతకు సంబంధించినది. అచట ఒక వ్యాపారి చూడి పందిని చవుకగా చూపి, "అయ్యగారూ, నెల తిరక్కుండా ఈనే తల్లి ఇది. తోలుకుపోయి దొడ్లో వదలడమే, మూడు నెలల మేత మిగిలిపోద్ది మీకు" అనెను. టీకా లెప్పుడు వేయించితివని అడుగగా, "నిక్షేపంలా ఉంటే టీకాలెందుకండీ!" అని సమాధానము చెప్పెను. నేను కొనలేదు. క్లాసికల్ స్వైన్ ఫీవర్ వైరసు గర్భిణియైన పందికి పైకి కనబడని రీతిలో సోకి, మాయను దాటి పిండములను చేరగలదు. గర్భమధ్యకాలమున అట్లు సోకినచో కొన్ని పిల్లలు ఆరోగ్యముగనే పుట్టినట్లు కనిపించుచు, వారములు, నెలలు వైరసును వెదజల్లుచు మందనంతయు నాశనము చేయగలవు. మేతలో మిగులు సుమారు ఆరువేలకొరకు మందనంతయు పణముగా పెట్టుట ఏ గణితమునకును ఒప్పదు. ఈ వ్యాధికి టీకా కలదు. పూర్వము కుందేళ్లను బలిచేసి తయారుచేయవలసి వచ్చెడిది గాన కొరతగా నుండెను. ఇజ్జత్‌నగరులోని భారత పశువైద్య పరిశోధనా సంస్థ కణవర్ధనమున తయారగు టీకాను రూపొందించి 2020లో వెలువరించుటతో ఆ కొరత తీరు మార్గమేర్పడినది. గాలికుంటు వ్యాధియు అట్టిదే. పెద్ద పందులకు గిట్టలయొద్ద బొబ్బలుగా కనబడు ఆ వైరసు, కూనల గుండెకండరమును దెబ్బతీసి, బొబ్బయొక్కటియు లేకయే వానిని హఠాత్తుగా చంపును. కేంద్ర ప్రభుత్వము 2019లో ఆరంభించిన గాలికుంటు నివారణ పథకమున పందులను కూడ చేర్చినది.

మూడవది మేత. హోటళ్లలోని ఎంగిలి మెతుకులు దాదాపు ఉచితముగా దొరకును; మేత ఖర్చు సగమునకు తగ్గును. కాని ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌ను దొడ్డికి తెచ్చుటకు వానిలో పచ్చి మాంసపు తునక యొక్కటి చాలును. ఆ వ్యాధి 2020లో మన దేశమునకు అస్సాము, అరుణాచలప్రదేశ్ రాష్ట్రములలో మొదట ప్రవేశించినది. చికిత్స లేదు, మన రైతు చేతికందిన టీకాయు లేదు. కూనయని, తల్లియని భేదము లేక మందనంతయు నిర్మూలింపవలసి వచ్చును. కావున నేను తవుడు, మొక్కజొన్న, చెక్కలతోడి దాణానే వాడుచున్నాను.

ఇక బీమా. నా పాలసీ తల్లులకు వర్తించునే గాని, పాలు మానని పిల్లలకు వర్తింపదు. నవజాతశిశువుల నష్టమును నా సొమ్మే భరింపవలెనని అప్పుడే స్థిరపరచుకొంటిని. ఒక ఈత పూర్తిగా పోయినను తల్లులన్నిటికి నాలుగు నెలల దాణాకును, ఆ నాలుగు నెలల వాయిదాలకును సరిపోవు మొత్తమును వేరొక ఖాతాలో నిలిపితిని. నిత్యపు మేతకు కిసాన్ క్రెడిట్ కార్డును వాడుకొంటిని. పశుపోషణకు రెండు లక్షలవరకు 7 శాతము వడ్డీకి లభించు ఆ ఋణము, గడువులోగా చెల్లించినచో 4 శాతమే పడును. నిల్వసొమ్మును మాత్రము ముట్టలేదు. ఆ వర్షాకాలపు నష్టమున వాయిదా తప్పకుండుటకును, బలిసిన పందులను తక్కువ ధరకు తెగనమ్మకుండుటకును ఆ ఖాతాయే ఆధారమైనది. నిల్వ లేక పుట్టిన కూన తొలి వ్యాధికే నేలకొరిగినట్లు, నిల్వ లేక ఆరంభించిన దొడ్డియు తొలి దెబ్బకే మూతపడును.

ఈ వృత్తిని చేపట్టదలచినవారికి నా మనవి యొక్కటే. ప్రభుత్వ సబ్సిడీ ఎంత వచ్చునని విచారించుటకు ముందు, ఒక ఈత కాలమునకు చాలిన మేతసొమ్మును ప్రక్కన పెట్టుకొనుడు. తల్లులను కొనుటకు ముందు పురిటి గదులను కట్టించుడు. టీకా చరిత్ర తెలియని పందిని ఎంత చవుకగా వచ్చినను దొడ్డిలోనికి రానీయకుడు. ఈ మూడింటికిని సొమ్ము చాలనిచో, నాలుగు తల్లులతో మొదలుపెట్టదలచినవారు రెండింటితోనే మొదలుపెట్టుడు.