కొన్న ట్రాక్టరుకు తాళం ఎవరిది?

అమెరికాలోని ఒమాహా దాటి కాస్త దూరం వెళ్తే చాలు, రోడ్డుకు రెండు పక్కలా మొక్కజొన్న, సోయా చేలే. వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాణ్ణి కాబట్టి కోతల కాలంలో నా కళ్లు అటే పోతాయి. ఇక్కడి రైతులతో పరిచయం పెరిగాక, ఇన్నేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాకు నేర్పని సంగతి ఒకటి తెలిసింది.

కొత్త ట్రాక్టరు, కోత మిషను నిండా సెన్సర్లే. ఒక సెన్సరు చెడితే తెరమీద ఓ కోడ్ కనిపిస్తుంది, ఒక్కోసారి ఇంజను శక్తి తగ్గిపోతుంది. కొన్ని భాగాలను రైతే కొని బిగించుకున్నా, డీలరు మనిషి ల్యాప్‌టాప్ తగిలించి ఆమోదించేదాకా యంత్రం వాటిని ఒప్పుకోదు. పూర్తిస్థాయి మరమ్మతు సాఫ్ట్‌వేర్‌ను డీలర్లు ఏళ్ల తరబడి తమ దగ్గరే పెట్టుకున్నారు. పంట కోతకొచ్చి, పైన మబ్బు పట్టినప్పుడు ఆ ఎదురుచూపు ఎంత బరువో, కల్లంలో వడ్లు తడిసిన మన రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందుకే కొందరు వేరే దారి పట్టారు. తాళం విరగ్గొట్టిన, ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ సాఫ్ట్‌వేర్‌ను తూర్పు యూరప్ నుంచి తెప్పించుకుని రైతులు వాడుతున్నారని 2017లో ఇక్కడి పత్రికలు రాశాయి. అది పైరసీయే. కానీ ఆ రైతు ఎవరి సొమ్ము దొంగిలించాడు? లక్షల డాలర్లు పోసి కొన్న తన యంత్రాన్ని తానే బాగుచేసుకోబోయాడు, అంతే.

దొంగతనానికీ మరమ్మతుకూ ఉన్న ఆ తేడాను అమెరికా చట్టం గుర్తించలేదు. 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టంలోని 1201వ సెక్షన్, కాపీ చేసే ఉద్దేశం లేకపోయినా డిజిటల్ తాళం తీయడాన్నే నిషేధించింది. యజమానికి సాఫ్ట్‌వేర్‌పై ఉన్నది వాహనం నడుపుకునే లైసెన్సేనని 2015లో జాన్ డీర్ కంపెనీ అమెరికా కాపీరైట్ కార్యాలయం ముందు వాదించింది. అదే ఏడాది ట్రాక్టర్ల మరమ్మతుకు మినహాయింపు దొరికింది. కానీ తాళం తీసే పనిముట్లు తయారుచేసి అమ్మడం మీద నిషేధం అలాగే ఉంది. సొంతంగా ప్రోగ్రాము రాసుకోలేని రైతుకు ఆ మినహాయింపు ఎంతవరకు పనికొస్తుంది?

ఈ విషయంలో మన దేశపు చట్టం మేలు. 2012లో కాపీరైట్ చట్టానికి చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించాలనే ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరం. నాకు న్యాయంగా తోచే గీత అదే. ఇంకొకరి ప్రోగ్రామును కాపీచేసి అమ్ముకోవడం శ్రమదోపిడీ. ఆ శ్రమ మీదే బతుకుతున్నవాణ్ణి, దాన్ని నేనెప్పుడూ సమర్థించను. సొంత వస్తువును విప్పి చూసుకోవడం మాత్రం యజమాని హక్కు.

1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, ప్రోగ్రామును చదివే, మార్చుకునే స్వేచ్ఛ వాడేవాళ్లకు ఉండాలని పోరాడుతూ వచ్చాడు. అది ప్రోగ్రామర్ల గొడవేనని చాలామంది అనుకున్నారు. సోర్స్‌కోడ్ అనే మాటే వినని రైతుకు ఆ స్వేచ్ఛ ఎంత అవసరమో ఈ పొలాల్లో కనిపిస్తుంది. ఆ రైతులు ఊరుకోలేదు. వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కుకు కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది, 2024 జనవరి నుంచి అది అమలులో ఉంది. ఇదే మరమ్మతు విషయంలో 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జాన్ డీర్ కంపెనీపై దావా వేసింది.

ఇక మన సంగతి. లైసెన్సును తనిఖీ చేసే కోడ్, విడిభాగం నంబరును సరిపోల్చే కోడ్ రాసే చేతుల్లో తెలుగు చేతులు తక్కువేమీ కావు. వీసా భయంతో మీటింగుల్లో నోరు విప్పలేని మన పిల్లల పరిస్థితి నాకు తెలుసు. పచ్చకార్డు చేతికొచ్చి, సీనియర్ కుర్చీల్లో కూర్చున్న మనమైనా అడగాలి: ఈ తాళం ఆపేది దొంగనా, కొన్నవాణ్ణా? కొన్నవాణ్ణే అయితే, తాళంచెవి కూడా అతనికే ఇవ్వాలని డిజైన్ కాగితం మీద రాయించాలి.