నాన్న పథ్యం

సావనీరుకి ఏదైనా రాయమంటే మిత్రులు ప్రేమ గురించి రాస్తారు, లేకపోతే హాస్టలు సాంబారు గురించి రాస్తారు. నేను వంట గురించి రాస్తున్నాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. కాని చివరిదాకా చదవండి.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా ఉండే సముద్రపు ఒడ్డు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు అనగానే ఇప్పుడు జనానికి తోటల కన్నా ముందు కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. నీళ్లా, ఎండలో చాకిరీయా, మరొకటా, ఫలానాదే కారణమని ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. జబ్బు మాత్రం ఇల్లు వెతుక్కుంటూ వస్తూనే ఉంది. మా ఇంటికీ వచ్చింది. నాన్నకి వారానికి మూడుసార్లు డయాలిసిస్, ఒక్కోసారి నాలుగేసి గంటలు.

నాన్న భోజనప్రియుడు. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితంలో 'వద్దు' అన్న వరసే పొడుగు. ఆవకాయ, అప్పడం, ఎండుచేప ఉప్పు వల్ల వద్దు. టమాటా, మునగాకు, అరటి, పనస, కొబ్బరినీళ్లు పొటాషియం వల్ల వద్దు. ఆఖరికి మంచినీళ్లు కూడా కొలిచి తాగాలి. అమ్మ బెదిరిపోయి అన్నీ చప్పగా ఉడకబెట్టి పెట్టేది.

"ఏటే ఇది? ఉప్పు నేదు, పులుపు నేదు. గొడ్డుకి పెట్టినట్టు పెడతన్నావు" అని నాన్న కంచం తోసేసేవాడు. నెల తిరిగేసరికి మనిషి సగమయ్యాడు.

అప్పుడే నేను వేసవి సెలవులకి వెళ్లాను. అమ్మ జీడిపిక్కల పనికి పోయింది. తిండి సయించని మనిషికి కాస్త ఓపిక వస్తుందని తోటలోంచి రెండు బొండాలు కొట్టి ఇచ్చాను. కాగితం నేను చదవలేదు. నాన్నకి తెలుసు, అయినా దాహంతో ఉన్నాడు, ఇచ్చింది కొడుకు. గటగటా తాగేశాడు.

ఆ రాత్రి నాన్నకి కాళ్లూ చేతులూ లేవలేదు. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. అప్పటికప్పుడు డయాలిసిస్ చేసి బతికించారు. "పాడైన కిడ్నీలు పొటాషియాన్ని బయటికి పంపలేవు బాబూ. అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోతుంది" అన్నారు డాక్టరుగారు. నేను కెమిస్ట్రీ విద్యార్థిని. పొటాషియం పరమాణు సంఖ్య 19 అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అది మా తోటలో బొండంలో ఉందని మాత్రం తోచలేదు.

మర్నాడు అక్కడి ఆహార నిపుణురాలు అమ్మనీ నన్నూ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. వద్దన్నవాటిని చూసి భయపడకండి, ఉన్నవాటికి రుచి తెచ్చుకోండి అన్నారు. ఆ రోజు నుంచి మా వంటిల్లు నాకు రెండో లాబరేటరీ అయింది.

కూరముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోస్తాం. పొటాషియం అంతా పోదు గాని చాలావరకు తగ్గుతుంది. ఉప్పు కూరలో వెయ్యం. రోజుకింతని కొలిచి పెట్టుకున్నదాంట్లోంచి చిటికెడు వడ్డించేటప్పుడు పైన చల్లుతాం. నాలిక్కి ముందు తగిలేది అదే కనక కొంచెమే ఎక్కువనిపిస్తుంది. లోటు ఇంగువ, కరివేపాకు, అల్లం, వెల్లుల్లి పోపు తీరుస్తుంది. దించాక నాలుగు చుక్కల నిమ్మరసం. డయాలిసిస్‌లో మాంసకృత్తులు పోతాయి కనక గుడ్డు తెల్లసొన, చిన్న తాజా చేపముక్క. ఉప్పుకి బదులని అమ్మే పొడుల్లో చాలావాటిలో ఉండేది పొటాషియమే, అవి మా గడప తొక్కవు.

ఒకరోజు అమ్మ క్యాబేజీని పనసపొట్టంత సన్నగా తరిగి, ఉడికించి వార్చి, ఎండుమిరపకాయల పోపు పెట్టి, పచ్చి ఆవ నూరి కలిపింది. నాన్న రెండు ముద్దలు తిని ఆగిపోయాడు.

"పనసపొట్టు నాను తినకూడదన్నారు కదే?"

అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "పనస కాదు. క్యాబేజీ."

నాన్న ఏమీ అనకుండా కంచం ముందుకి జరిపాడు, ఇంకాస్త వెయ్యమని. చాలా రోజుల తరవాత చూశానా దృశ్యం. నీళ్ల వంకతో పెరట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాను.

ఇది చదివి ఎవరూ మా పథ్యాన్ని యథాతథంగా పాటించకండి. రక్తపరీక్షని బట్టి ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క; డాక్టరునే అడగాలి. కాని చప్పిడి తిండి అంటే ప్రేమ లేని తిండి కానక్కర్లేదని మాత్రం చెప్పగలను. ఇప్పుడు మా ఇంట్లో అందరిదీ ఒకటే వంట. ఆవకాయ జాడీని అమ్మ అటక మీద పెట్టేసింది. నాకేమో హాస్టలు సాంబారు ఉప్పు కషాయంలా ఉంటోంది!

రోజూ సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తాను. ఇదివరకు నాన్న, "డబ్బులున్నాయిరా?" అని అడిగేవాడు. ఇప్పుడు నేనే ముందు అడుగుతాను, "నాన్నా, ఈవేళ ఏం కూర?" అని.