మంచు తుపానులో బగారన్నం

2022 డిసెంబరు 23, శుక్రవారం. పొద్దున అమెరికాలోని బఫెలోలో మంచు కాదు, వాన పడుతోంది. పెద్ద తుపాను వస్తోందని టీవీల్లో ముందునుంచీ చెబుతూనే ఉన్నారు. కానీ ఏరీ సరస్సు పక్కన చదువుకునేవాళ్లకి మంచు హెచ్చరికలు మామూలే. ఆదివారం క్రిస్మస్. మేం గుంటూరు లూథరన్ చర్చి వాళ్లం. బిర్యానీ లేని క్రిస్మస్ మా ఇంట్లో ఎన్నడూ జరగలేదు. పదిమందిని భోజనానికి పిలిచాను. చికెన్, పెరుగు, కొత్తిమీర కొనుక్కొద్దామని నేనూ, మాతో ఉండే కరీంనగర్ జూనియరూ పొద్దున్నే కారులో ఆమ్‌హర్స్ట్ వైపు వెళ్లాం.

తొమ్మిదిన్నర తర్వాత కార్లు రోడ్డెక్కకూడదన్న ఉత్తర్వు తొమ్మిదికి కాస్త ముందు వెలువడింది. అప్పటికే ఎంతోమంది పనుల్లోకి వెళ్లిపోయారు. మేమూ సూపర్‌మార్కెట్‌లో ఉన్నాం. బయటికొచ్చేసరికి వాన మంచైంది. గాలి సరస్సు పొడవునా వీస్తూ వస్తోంది. సరస్సింకా గడ్డకట్టలేదు. గడ్డకట్టని నీటి మీదుగా వచ్చే చలిగాలి తేమనంతా తాగి ఊరిమీద కుమ్మరిస్తుంది. ఇదంతా క్లాసులో విన్నదే. మెయిన్ స్ట్రీట్‌లో సగం దూరం వచ్చాక కారు బానెట్ కూడా కనబడటం మానేసింది. ముందు చక్రాలు దేంట్లోనో కూరుకుపోయాయి. అంతే.

ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ కలవడమే కష్టమైంది. కలిసినా, మా బళ్లే ఇరుక్కుపోయాయి, కారులోనే ఉండండి అన్నారు. గంటకి పది నిమిషాలు ఇంజిన్ వేసి హీటర్ పెట్టుకున్నాం. వేసే ముందు ప్రతిసారీ వెనకాల పొగగొట్టం చుట్టూ మంచు తవ్వాలి. అది మూసుకుపోతే విషవాయువు కారులోకే వస్తుంది. తలుపు తెరుచుకోదు, కిటికీ దించి పాక్కుంటూ దిగేదాన్ని. ఉన్నివి, నా గ్లవ్స్. రెండోసారికే తడిసి గడ్డకట్టాయి. పొద్దున సున్నాకి పైన ఉన్న ఉష్ణోగ్రత రాత్రికి మైనస్ పది దాటి కిందికి దిగింది.

రాత్రి ఎప్పుడో జూనియర్ ఏడుపు ఆపి, "అక్కా, మనం సచ్చిపోతమా?" అని చాలా మామూలుగా అడిగింది. నాకు జవాబు దొరకలేదు. "మీ అమ్మ బగారన్నం ఎట్లా చేస్తుందో చెప్పు" అన్నాను. నిద్రపోతే లేవమేమోనని భయం. చెప్పింది. నూనెలో షాజీరా, లవంగం, చెక్క, బిర్యానీ ఆకు, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి, పుదీనా, ఒకటికి రెండు నీళ్లు. చెప్పడం అయిపోగానే మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాను. ప్రార్థన కూడా చేశాను, అబద్ధమెందుకు, కానీ మెలకువగా ఉంచింది ఆ పోపే.

తెల్లవారాక పెట్రోలు లైటు వెలిగింది. ఓ క్షణం గాలి తగ్గితే యూనివర్సిటీ సౌత్ క్యాంపస్ దగ్గరి మెట్రో స్టేషన్ కప్పు కనబడింది. ఇల్లు రెండు వీధుల అవతల! నా చున్నీ ఒక కొస తన నడుముకి, ఇంకో కొస నా నడుముకి కట్టి నడిచాం. నడుములోతు మంచులో ఆ రెండు వీధులూ దాటడానికి ఎంతసేపు పట్టిందో ఇద్దరికీ గుర్తులేదు.

ఇంట్లో కరెంటు లేదు. కొన్ని సబ్‌స్టేషన్లే మంచుతో కూరుకుపోయాయని తర్వాత తెలిసింది. మా మూడో రూమ్మేట్, విజయవాడమ్మాయి, దుప్పట్లన్నీ కప్పుకుని కూర్చుంది. కింది వాటాలో ఒంటరిగా ఉండే నల్లజాతి పెద్దావిడా పైకొచ్చేసింది. బఫెలోలో 1977 జనవరి తుపాను చూసిన మనిషి. అప్పుడు 29 మంది చనిపోయారు. నా చేతులు చూడగానే రుద్దబోయిన విజయవాడమ్మాయిని ఆపింది. కుడిచేతి మూడు వేళ్లు మైనంలా తెల్లగా ఉన్నాయి. రుద్దకూడదట, గోరువెచ్చటి నీళ్లలో పెట్టాలట. గ్యాస్ స్టవ్ కరెంటు లేకపోతే దానంతటది అంటుకోదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క అగ్గిపెట్టె విజయవాడమ్మాయి దేవుడి గూట్లోది. వేళ్లకి స్పర్శ తిరిగొచ్చేటప్పుడు నేను పెట్టిన కేకలు మా అమ్మకి వినబడకూడదని ఫోన్ ఆఫ్ చేయించాను.

పెద్దావిడే అన్నీ చెప్పింది. అందరూ ఒకే గదిలో ఉండాలి, తలుపుకి దుప్పటి కట్టాలి, పైపులు పగలకుండా కొళాయిలు సన్నగా వదిలెయ్యాలి. స్టవ్ వంటకే, వెచ్చదనానికి కాదు. హెచ్చరికల్లో ఇవన్నీ ఉంటాయి, నిజమే. కానీ చదివే తీరిక ఎవరికి దొరికింది?

ఇరవై ఐదో తారీఖు మధ్యాహ్నం జూనియర్ లేచి, "అక్కా, పండుగ కదా" అంది. చికెన్ కారు డిక్కీలో ఉంది, కారు ఎక్కడుందో దేవుడికి తెలుసు. పుదీనా లేకుండానే బగారన్నం పెట్టింది. రైస్ కుక్కర్‌కి అలవాటైన చేతులు కదా, గిన్నెలో అడుగంటింది. విజయవాడమ్మాయి శాకాహారి, కోడిగుడ్లు కూడా ముట్టదు, పప్పుచారు కాచింది. గుంటూరు నుంచి వచ్చిన గోంగూర పచ్చడి, అరిసెలు తీశాం. పెద్దావిడ ముందే వండి పెట్టుకున్న కాలర్డ్ ఆకుకూర, మాకరోనీ చీజ్ కిందనుంచి తెచ్చింది. కూరలో పొగబెట్టిన టర్కీ ఉందని తానే చెప్పి, విజయవాడమ్మాయి ముందునుంచి ఆ గిన్నె పక్కకి జరిపింది. గోంగూర నాలిక్కి తగలగానే "ఇది మా ఆకుకూరకి కోపమొచ్చినట్టుంది" అంది. ఆ మూడు రోజుల్లో మేం నవ్వింది అప్పుడే.

నా వేళ్లు పొక్కులెక్కి వాచాయి. ముద్ద పట్టుకోలేను. జూనియర్ కలిపి పెట్టింది. సిగ్గేసింది, ఆకలి ముందు సిగ్గు నిలవలేదు. తిన్నదానికంటే ఎక్కువ ఏడ్చాను. ఎవరూ ఏమీ అనలేదు, పెద్దావిడ మాత్రం భోజనం ముందు కళ్లు మూసుకుని చేసిన ప్రార్థనని మరోసారి మొదలుపెట్టింది.

ఎయిర్‌పోర్టులో లెక్కగట్టిన మంచు 51.9 అంగుళాలు, నాలుగడుగులకి పైనే. తుపాను 37 గంటలు ఏకధాటిగా చెలరేగింది. ఎయిర్‌పోర్టు డిసెంబరు 28 దాకా తెరవలేదు. బఫెలో ఉన్న కౌంటీ మొత్తంలో నలభై మందికి పైగా చనిపోయారు. కొందరు కార్లలో, కొందరు వేడి లేని ఇళ్లలో, కొందరు అంబులెన్స్ రాక. బఫెలో నగరంలో చనిపోయినవాళ్లలో సగానికి పైగా నల్లజాతివాళ్లే. కారులో మేం బతకడానికి అర ట్యాంకు పెట్రోలు తప్ప ఇంకో కారణం నాకు కనబడదు. తర్వాత నా గోళ్లు రెండు ఊడి మళ్లీ వచ్చాయి. చలికాలంలో ఆ వేళ్లు ఇప్పటికీ మొద్దుబారతాయి.

మా వీధిలోకి మంచు తవ్వే బండి వచ్చిన రోజునే పెద్దావిడకి ఫోనొచ్చింది. ఈస్ట్ సైడ్‌లో ఉండే ఆవిడ చర్చి స్నేహితురాలు తన ఇంట్లోనే చనిపోయి కనబడిందట. జనవరిలో అంత్యక్రియలకి మమ్మల్నీ తీసుకెళ్లింది. వాళ్ల పద్ధతిలో ఖననం అయ్యాక చర్చి కింది హాల్లో అందరూ కలిసి భోంచేస్తారు. తలా ఒక వంటకం తెస్తారు. ఆవిడ మా జూనియర్‌ని ముందురోజే అడిగింది, ఆ అన్నం చేస్తావా అని. ఈసారి పుదీనా దొరికింది. పచ్చిమిర్చి తగ్గించి, పెద్ద గిన్నెడు వండి పట్టుకెళ్లాం.